సొంతంగా చేసుకున్న వెబ్‌సైట్‌ను బాగు చేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి లాడ్జీలు, ట్రావెల్స్ వాళ్లు, శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు, చిత్తూరు వైపు మామిడి వ్యాపారులు ఈమధ్య వెబ్‌సైట్లు తామే చేసుకుంటున్నారు. వీడియోలు చూసి, రాత్రిళ్లు కూర్చుని, ఎలాగోలా సైట్ నిలబెడతారు. ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. సైట్ ఉంటుంది, ఫోన్ మాత్రం మోగదు. ఇలాంటి సైట్లు సరిదిద్దడంలో కొన్నేళ్లుగా నాకు చేతనైన సాయం చేస్తున్నాను. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

సైట్ బాగుందా లేదా అని చూసేటప్పుడు నేను ఒక మనిషిని మనసులో పెట్టుకుంటాను. ఆయన రేణిగుంటలో రైలు దిగాడు. ఒక చేతిలో బ్యాగు, భుజం మీద నిద్రపోతున్న పాప. ఇంకో చేత్తో ఫోన్ చూస్తున్నాడు. ఆయనకు కావాల్సింది అర నిమిషంలో దొరికితే ఆ సైట్ బాగున్నట్టే.

## మొదట చూసుకోవాల్సినవి

సైట్ అయిపోయింది కదన్నా, ఇంకా అందులో చేయడానికి ఏముంటుంది?

సైట్‌ను ఇంతవరకు చూడని మనిషి చేతికి ఫోన్ ఇవ్వండి. వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద తెరవమనండి. మూడు ప్రశ్నలు అడగండి: ఇక్కడ ఏం దొరుకుతుంది, షాపు ఎక్కడ, ఫోన్ ఎలా చేయాలి. మీరు పక్కన ఉండి చూడండి, ఏమీ చెప్పొద్దు.

ఒక లాడ్జీ యజమాని వాళ్లమ్మగారి చేత ఇలాగే చేయించాం. ఆమె ఫోన్ నంబరు కోసం కిందికి, పైకి, మళ్లీ కిందికి జరిపారు. నంబరు ఉంది, కానీ బ్యానర్ బొమ్మ మూలన సన్న అక్షరాల్లో ఉంది. వేలితో నొక్కారు. బొమ్మ కాబట్టి ఏమీ జరగలేదు. రెండోసారి ఇంకాస్త గట్టిగా నొక్కి, ఫోన్ కొడుకు చేతికి ఇచ్చేశారు. ఆ సాయంత్రం ఆయన ఇంకేమీ ముట్టుకోకుండా నంబరును నొక్కితే కాల్ వెళ్లే బటన్‌గా మార్చారు. వేలు ఎక్కడ ఆగిందో అక్కడే మీ పని మొదలుపెట్టండి.

డొమైన్, హోస్టింగ్ మా డిజైనర్ పేరు మీదే ఉన్నాయి. పరవాలేదా?

పరవా ఉంది. డొమైన్ అంటే మీ సైట్ అడ్రస్ పేరు, హోస్టింగ్ అంటే సైట్ ఫైళ్లు ఉంచుకునే అద్దె చోటు. మొదటి పనిగా మీ పేరు మీదికి, మీ ఈమెయిల్‌కు, మీ ఫోన్ నంబరుకు మార్పించుకోండి. ఇది నాకు జరిగింది కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. మా ఇంటివాళ్ల ట్రావెల్స్ సైట్‌కు డొమైన్ కొనిపెట్టినాయన తన మెయిల్ ఐడీతో కొన్నారు. తర్వాత ఆయన వేరే ఊరు వెళ్లిపోయారు, ఆ మెయిల్ చూడటం మానేశారు. రెన్యువల్ కట్టమని వచ్చిన మెయిల్స్ అన్నీ అక్కడే ఉండిపోయాయి. సరిగ్గా బ్రహ్మోత్సవాల ముందు సైట్ ఆగిపోయింది. డొమైన్ మాదేనని చూపించడానికి మా దగ్గర ఒక్క రసీదు కూడా లేదు. ఆ సీజన్ అంతా పోయింది.

ఆటో రెన్యువల్ పెట్టుకోండి. కొనే ముందు మొదటి సంవత్సరం ఆఫర్ ధర ఒక్కటే కాకుండా రెండో సంవత్సరం నుంచి ఎంత కట్టాలో కూడా చూడండి. చాలాచోట్ల ఆ రెండింటికీ చాలా తేడా ఉంటుంది.

డొమైన్ పేరు తెలుగులో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. డాట్ భారత్ అనేది తెలుగు లిపిలో కూడా ఉంది. కానీ మీ కస్టమర్లలో తమిళనాడు, కర్ణాటక నుంచి వచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లు దాన్ని టైప్ చేయలేరు. డాట్ ఇన్ గానీ డాట్ కామ్ గానీ అసలు పేరుగా పెట్టుకుని, తెలుగు పేరు ఇష్టమైతే అదనంగా కొని దీనికే కలపండి.

## స్పీడు

నా ఫోన్‌లో సైట్ టక్కున వస్తోంది. కస్టమర్లేమో తిరుగుతూనే ఉంది అంటున్నారు. ఎవరి మాట నిజం?

కస్టమర్ల మాటే. మీరు రోజూ చూసే సైట్ కాబట్టి ఫోటోలు, ఫైళ్లు మీ ఫోన్‌లో ముందే దాచుకుని ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లకు మొత్తం మొదటి నుంచి దిగాలి. ఇన్‌కాగ్నిటో విండోలో (ముందు దాచుకున్నవి వాడకుండా తెరిచే కిటికీలో), మొబైల్ డేటా మీద చూస్తే మీకూ తెలుస్తుంది. ఘాట్ రోడ్డులో సిగ్నల్ వచ్చీపోతూ ఉండే చోట చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

కొలిచి చూడాలంటే గూగుల్ వాళ్ల పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ ఉచితం. అందులో మూడు లెక్కలు చూడండి. పేజీలో అన్నిటికంటే పెద్ద బొమ్మో, రాతో కనబడటానికి పట్టే సమయం ఎల్‌సీపీ. అది 2.5 సెకన్లలోపు ఉండాలి. నొక్కిన తర్వాత పేజీ స్పందించడానికి పట్టే సమయం ఐఎన్‌పీ, 200 మిల్లీసెకన్లలోపు ఉండాలి. 2024 మార్చిలో ఎఫ్‌ఐడీ అనే పాత లెక్క తీసేసి దీన్ని పెట్టారు కాబట్టి పాత వీడియోల్లో ఆ పేరు వినబడితే కంగారు పడొద్దు. మూడోది సీఎల్ఎస్, అంటే తెరుచుకునేటప్పుడు పేజీలోవి ఎంత జరిగిపోతున్నాయో చెప్పే లెక్క. 0.1 కంటే తక్కువ ఉంటే మంచిది.

ఫోటోలు ఫోన్‌లో తీసినవి అలాగే పెట్టేశాను. తగ్గించాలంటున్నారు, ఎంతకు తగ్గించాలి?

నేను చూసిన సైట్లలో సగానికి పైగా నెమ్మదిగా ఉండటానికి కారణం ఇదే. అందుకే కొంచెం విడమరచి చెబుతాను.

12 మెగాపిక్సెల్ కెమెరాతో తీసిన ఫోటో దాదాపు 4000 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది, 3 నుంచి 5 ఎంబీ బరువు ఉంటుంది. మీ కలంకారీ చీరల పేజీలో అలాంటివి 12 ఉన్నాయనుకోండి. ఒక్కోటి 4 ఎంబీ చొప్పున 48 ఎంబీ. సిగ్నల్ బలహీనంగా ఉండి సెకనుకు 4 మెగాబిట్లు మాత్రమే వస్తుంటే, ఆ పేజీ పూర్తిగా దిగడానికి 96 సెకన్లు పడుతుంది. అంతసేపు ఎవరూ ఆగరు. అవే ఫోటోలు ఒక్కోటి 150 కేబీకి తగ్గిస్తే మొత్తం 1.8 ఎంబీ. నాలుగు సెకన్లలోపు అయిపోతుంది.

తగ్గించడం కష్టమేమీ కాదు. స్క్వూష్ అని గూగుల్ క్రోమ్ బృందం చేసిన ఉచిత సాధనం ఉంది, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఫోటో వేసి, వెడల్పు 1200 పిక్సెళ్లకు మార్చండి. వెబ్‌పీ అనే తక్కువ బరువు ఫైల్ రకం ఎంచుకుని క్వాలిటీ 75 దగ్గర పెట్టండి. పక్కపక్కనే పాతదీ కొత్తదీ చూపిస్తుంది. అసలు కలంకారీ గుడ్డ మీద కలంతో వేసిన గీత సన్నబడుతూ, లావవుతూ పోతుంది. ఆ తేడా కస్టమర్‌కు కనబడాలి. కాబట్టి జూమ్ చేసి చూడండి. గీత అంచు మసకబారితే క్వాలిటీ 82, 85 వరకు పెంచండి. గది ఫోటోకు 70 చాలు. ఏ ఫోటోకు ఎంత అన్నది కన్నుతోనే తేల్చుకోవాలి.

ఇంకో మాట. స్క్రీన్ మీదికి రాగానే ఫోటో దిగేలా చేసే లేజీ లోడింగ్ కింద ఉన్న ఫోటోలకు పెట్టండి. పేజీ తెరవగానే కనబడే మొదటి ఫోటోకు మాత్రం పెట్టొద్దు. పెడితే అదే ఆలస్యంగా వస్తుంది.

చదువుతుంటే పేజీ ఉన్నట్టుండి కిందికి జరిగిపోతోంది. కాల్ బటన్ నొక్కబోతే ఇంకేదో నొక్కుకుంటోంది.

ఫోటోకు ఎంత చోటు కావాలో బ్రౌజర్‌కు ముందే తెలియక ఇలా జరుగుతుంది. ప్రతి ఫోటోకూ వెడల్పు, ఎత్తు కోడ్‌లో రాయండి. ఫోటో రాకముందే ఆ చోటు ఖాళీగా ఉంచుతుంది. ఆఫర్ పట్టీలు, నోటీసులు పేజీ పైభాగంలో ఆలస్యంగా వచ్చి పడకుండా చూసుకోండి.

స్లైడర్, భక్తి పాట, యూట్యూబ్ వీడియో ఉంటే సైట్ నిండుగా ఉంటుంది కదా?

నిండుగా ఉంటుంది, బరువుగా కూడా ఉంటుంది. పాట సంగతి ముందు చెబుతాను. 2018 నుంచి క్రోమ్ దానంతటదే మోగే శబ్దాన్ని ఆపేస్తోంది. అంటే చాలామందికి పాట వినిపించదు, ఆ ఫైల్ బరువు మాత్రం పడొచ్చు. క్యూలో, బస్సులో ఉన్నవాళ్లకు ఒక్కసారిగా శబ్దం వస్తే సైట్ మూసేస్తారు. తీసేయండి.

స్లైడర్‌లో ఐదు ఫోటోలు తిప్పేకంటే మంచి ఫోటో ఒక్కటి పెట్టి, దాని కింద ధర, ఫోన్ బటన్ ఉంచండి. యూట్యూబ్ వీడియోకు బదులు దాని బొమ్మ పెట్టి, నొక్కితే వీడియో తెరుచుకునేలా లింకు ఇవ్వండి. మ్యాప్ కూడా అంతే, "దారి చూపించు" అనే బటన్ చాలు.

పేజ్‌స్పీడ్‌లో 100కు 100 రావాలా?

అక్కర్లేదు. అదే పేజీని రెండుసార్లు కొలిస్తే రెండు అంకెలు రావచ్చు. మీ ఫోన్‌లో కనబడే తేడాను నమ్మండి.

హోస్టింగ్ మార్చితే స్పీడు పెరుగుతుందా?

ముందు ఫోటోలు, అక్కర్లేని ప్లగిన్లు (అదనపు పనుల కోసం సైట్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు) తగ్గించండి. ఆ తర్వాత కూడా మొదటి అక్షరం కనబడటానికి చాలాసేపు పడుతుంటే సర్వర్ (మీ సైట్ ఫైళ్లు ఉండే కంప్యూటర్) ఎక్కడుందో అడగండి. సర్వర్ అమెరికాలో ఉంటే ఒక్కసారి అడిగి జవాబు తెచ్చుకోవడానికే 200 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది, పేజీ తెరవడానికి అలా చాలాసార్లు వెళ్లి రావాలి. ముంబైలో సర్వర్ ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. మారడం ఇష్టం లేకపోతే క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్ పెట్టుకోవచ్చు. ఫోటోల్లాంటి మారని ఫైళ్లను అది దగ్గరలోని సర్వర్ నుంచి అందిస్తుంది.

## తెలుగు రాత

డీటీపీ సెంటర్‌లో చేయించిన తెలుగు మ్యాటర్ కాపీ చేసి పెడితే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. ఎందుకు?

ఆ మ్యాటర్ యూనికోడ్‌లో, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ దానికంటూ ఒక గుర్తు ఉండే పద్ధతిలో, లేదు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన పనిలో ఇంగ్లిష్ అక్షరాల చోట్లలో తెలుగు ఆకారాలు పెట్టి ఉంటాయి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తెలుగులా కనబడుతుంది, ఫాంట్ లేనిచోట లోపలున్న అసలు గుర్తులు బయటపడతాయి. గూగుల్ కూడా వాటినే చదువుతుంది. కరపత్రం అచ్చు వేయడానికి ఆ పద్ధతి బాగానే పనిచేసింది, వెబ్‌సైట్‌కు మాత్రం పనికిరాదు.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక తప్పకుండా గట్టిగా చదవండి. వత్తులు, రావత్తు, క్ష లాంటి చోట్ల తప్పులు పడతాయి. "శ్రీ" ఒక్కటి చూసినా చాలావరకు తెలిసిపోతుంది. రెండు పేజీల మ్యాటర్ అయితే ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుని కొత్తగా టైప్ చేయడమే మేలు, మాటలు కూడా సరిచూసుకున్నట్టు ఉంటుంది. పేజీ కోడ్‌లో యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను దాచే పద్ధతి) అని రాసి ఉండాలి. భాష తెలుగు అని కూడా చెప్పండి.

పాంప్లెట్ ఫోటో పెట్టేస్తే సరిపోదా? అందులో అన్నీ ఉన్నాయి కదా.

సరిపోదు. ఫోన్ తెర మీద పాంప్లెట్ అక్షరాలు చీమల్లా కనబడతాయి. చూపు లేనివాళ్లకు చదివి వినిపించే యాప్‌కు అది ఖాళీ బొమ్మే. నంబరు కాపీ చేయడం కుదరదు. గూగుల్ అందులోని తెలుగును సరిగా పట్టుకుంటుందన్న నమ్మకం కూడా లేదు. పాంప్లెట్‌లో ఉన్న మాటలన్నీ పేజీలో టైప్ చేయండి. ఏదైనా బొమ్మ ఉంచితే అందులో ఏముందో ఆల్ట్ టెక్స్ట్‌లో ఒక వాక్యం రాయండి: "రెండు మంచాలు, కిటికీ ఉన్న ఏసీ గది" అన్నట్టుగా.

తెలుగుకు ఏ ఫాంట్ పెట్టాలి?

చదివే రాతకు నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ బాగుంటుంది. రామభద్ర లావు ఫాంట్, శీర్షికలకు మాత్రమే వాడండి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. నిజానికి ఫోన్లు, కంప్యూటర్లు తెలుగు ఫాంట్‌తోనే వస్తున్నాయి, ఏ ఫాంటూ పెట్టకపోయినా తెలుగు కనబడుతుంది. అందుకే శీర్షికకు ఒక ఫాంట్ తెచ్చుకుని, మిగతా రాత ఫోన్‌లో ఉన్నదానికే వదిలేయమంటాను. ఆ మేరకు బరువు తగ్గుతుంది.

ఫాంట్ కంటే వరుసల మధ్య చోటు ముఖ్యం. తెలుగులో పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లిష్‌కు సరిపోయే చోటు పెడితే పై వరుస వత్తు కింది వరుస తలకట్టుకు తగులుతుంది. లైన్ హైట్ 1.7 దగ్గర పెట్టి చూడండి. అక్షరాల మధ్య దూరం పెంచొద్దు, వాలు అక్షరాలు వాడొద్దు. సైజు 16 పిక్సెళ్లకు తగ్గకూడదు. తెల్లటి నేల మీద పసుపు అక్షరాలు అసలు పెట్టొద్దు, పెద్దవాళ్లు చదవలేరు.

తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లో రాయాలా?

మీ దగ్గరికి ఎవరు వస్తారో చూసి నిర్ణయించుకోండి. చిత్తూరు చుట్టుపక్కల రైతులకు మొక్కలు అమ్మేవాళ్లకు తెలుగే ముఖ్యం. తిరుపతిలో లాడ్జీ నడిపేవాళ్లకు తెలుగు, ఇంగ్లిష్‌తో పాటు తమిళం, కన్నడం కూడా కావాలి. సైట్ మొత్తం నాలుగు భాషల్లో చేయాలని దిగితే మధ్యలో ఆగిపోతారు. ఒక్కో భాషకు ఒక్క పేజీ చాలు: గది రకాలు, రేటు, దారి, ఫోన్. మిషన్ అనువాదం వాడితే ఆ భాష మాట్లాడే మనిషి చేత ఒకసారి చదివించండి. తిరుపతిలో అలాంటివాళ్లు దొరకడం కష్టం కాదు.

తెలుగువాళ్లు కూడా వెతికేటప్పుడు చాలాసార్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు. తిరుపతిని చివర హెచ్‌తో రాసేవాళ్లూ ఉన్నారు, లేకుండా రాసేవాళ్లూ ఉన్నారు. స్పెల్లింగులన్నీ పేజీలో కుక్కాల్సిన పనిలేదు, గూగుల్ వాటిని అర్థం చేసుకుంటుంది.

పేజీ పేరు తెలుగులో పెట్టాను. వాట్సాప్‌లో పంపితే లింకు బారెడు పొడుగు వస్తోంది.

తెలుగులో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు మూడు బైట్లు కావాలి. లింకులో ఒక్కో బైటూ పర్సెంట్ గుర్తుతో కలిపి మూడు గుర్తులుగా మారుతుంది. "తిరుపతి" అనే చిన్న మాటలో అలాంటివి ఏడున్నాయి, అంటే లింకులో 63 గుర్తులు. చూసినవాళ్లు వైరస్ లింకేమో అనుకుంటారు. పేజీలో రాత తెలుగులోనే ఉంచి, లింకు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టిగా పెట్టండి. ఇప్పటికే అందరికీ పంపిన లింకైతే పాతది నొక్కినా కొత్తదానికే పంపే 301 రీడైరెక్ట్ పెట్టాకే మార్చండి.

## గూగుల్‌లో కనబడటం

షాపు పేరు కొట్టినా గూగుల్‌లో నా సైట్ రావడం లేదు. ఏం చేయాలి?

సైట్ వర్డ్‌ప్రెస్‌తో (సైట్లు చేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) చేసినదైతే ముందు సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోటికి వెళ్లండి. సెర్చ్ ఇంజిన్లు ఈ సైట్‌ను చూడొద్దు అనే అర్థం వచ్చే టిక్ ఒకటి ఉంటుంది. తయారు చేసేటప్పుడు పెట్టి, తీయడం మరచిపోతారు. నెలల తరబడి అలాగే ఉండిపోయిన సైట్లు చూశాను.

అది సరిగానే ఉంటే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్‌లో మీ సైట్ ఎలా కనబడుతోందో చూపించే సాధనం) మీ సైట్‌ను చేర్చండి. ఉచితమే. సైట్ మీదేనని రుజువు చేయడానికి డొమైన్ సెట్టింగ్స్‌లో వాళ్లిచ్చే ఒక వరుస అతికించాలి. తర్వాత సైట్‌మ్యాప్ (మీ పేజీల జాబితా) ఇవ్వండి, ముఖ్యమైన పేజీల లింకులు ఒక్కొక్కటిగా పరీక్షించి ఇండెక్స్ చేయమని, అంటే గూగుల్ జాబితాలో చేర్చమని, అడగండి. కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈలోగా రోజూ మళ్లీ మళ్లీ అడిగినా త్వరగా రాదు.

టైటిల్‌లో ఏం రాయాలి? ఇప్పుడు "హోమ్" అని ఉంది.

గూగుల్‌లో పెద్ద అక్షరాల్లో కనబడేది మామూలుగా ఆ టైటిలే. "హోమ్" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఏం అమ్ముతారు, ఎక్కడ, షాపు పేరు ఏమిటి, ఈ మూడూ రాయండి. "తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర ఫ్యామిలీ గదులు" అని మొదలుపెట్టి చివర లాడ్జీ పేరు పెట్టండి. ఒక్కో పేజీకి ఒక్కో టైటిల్ ఉండాలి. మరీ పొడుగైతే చివర కోసేస్తుంది కాబట్టి ముఖ్యమైన మాట ముందు రావాలి.

పేజీలో ఏం రాయాలో తెలియడం లేదు. ఏఐతో రాయించి పెట్టేయనా?

మీకు తెలిసినంత ఏఐకి తెలియదు. "అత్యుత్తమ సౌకర్యాలు, ఆత్మీయ ఆతిథ్యం" అని అందరి సైట్లలోనూ ఉంది, దాన్ని చదివి ఎవరూ గది తీసుకోరు. కస్టమర్లు ఫోన్‌లో మిమ్మల్ని ఏం అడుగుతారో ఒక వారం పాటు కాగితం మీద రాసుకోండి. తెల్లవారుజామున మూడింటికి వస్తే గేటు తీస్తారా? వేడినీళ్లు ఎప్పుడు వస్తాయి? లిఫ్ట్ ఉందా, మా నాన్నగారు మెట్లు ఎక్కలేరు. అలిపిరికి ఎలా వెళ్లాలి? కారు ఎక్కడ పెట్టుకోవాలి? ఇద్దరికి తీసుకున్న గదిలో పిల్లలు ఉండొచ్చా?

వాటికి మీరు ఫోన్‌లో చెప్పే జవాబునే అదే మాటల్లో పేజీలో రాయండి. ఒక ట్రావెల్స్ ఆయన కాణిపాకం, శ్రీకాళహస్తి ఒకే రోజు చూడాలంటే ఎన్నింటికి బయలుదేరాలి, ఏది ముందు, భోజనానికి ఎక్కడ ఆపుతారు అని తన అనుభవం మీద ఒక పేజీ రాశారు. ఆ పేజీ చదివి ఫోన్ చేసేవాళ్లు బేరం కూడా తక్కువ ఆడతారని ఆయనే చెప్పారు. రాసింది తప్పుల్లేకుండా సర్దడానికి ఏఐ సాయం తీసుకోండి, తప్పేం లేదు. విషయం మాత్రం మీది అయి ఉండాలి.

గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టాను. అక్కడ పేరు, అడ్రస్ ఎలా ఉండాలి?

బోర్డు మీద ఉన్న పేరే పెట్టండి. పేరులో "బెస్ట్, చీప్, నియర్ టెంపుల్" అని కలిపితే గూగుల్ నియమాలకు విరుద్ధం, మ్యాప్ నుంచి షాపును తీసేసే ప్రమాదం ఉంది. సైట్‌లో, మ్యాప్స్‌లో, విజిటింగ్ కార్డు మీద పేరు, అడ్రస్, నంబరు ఒకేలా ఉండాలి.

మన దగ్గర ఇంకో పొరపాటు చాలా కనబడుతుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరయింది. శ్రీకాళహస్తి, చంద్రగిరి అందులోకి వచ్చాయి, కాణిపాకం, కుప్పం చిత్తూరు జిల్లాలోనే ఉన్నాయి. అంతకుముందు చేసిన సైట్లలో ఇంకా పాత జిల్లా పేరే ఉంటోంది. మీది ఒకసారి చూసుకోండి.

రివ్యూలు కొనొద్దు, రివ్యూ రాస్తే డిస్కౌంట్ అని కూడా చెప్పొద్దు. రెండూ నియమాలకు విరుద్ధమే. వెళ్లేటప్పుడు మంచిగా అడగండి, సంతోషంగా వెళ్లేవాళ్లు రాస్తారు.

గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అని ఫోన్లు వస్తున్నాయి. డబ్బులు కట్టనా?

కట్టొద్దు. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ స్వయంగా చెబుతోంది.

## నమ్మకం, భద్రత

"దర్శనం టికెట్లు" అని సైట్‌లో రాస్తే ఎక్కువమంది వస్తారంటున్నారు. రాయొచ్చా?

మీరు ఇవ్వలేనిదాన్ని రాయొద్దు. నకిలీ సైట్ల గురించి టీటీడీ ఎన్నోసార్లు హెచ్చరించింది. ఎక్కడి నుంచో అప్పుచేసి వచ్చిన కుటుంబం ఆ మాట నమ్మి డబ్బు కడితే, ఆ పాపం మన ఊరి పేరుకు చుట్టుకుంటుంది. ఆలయ చిహ్నాలు, టీటీడీ సైట్‌ను పోలిన రంగులు, పేరు వాడొద్దు. "మాది ప్రైవేటు ట్రావెల్స్, టీటీడీతో సంబంధం లేదు. దర్శనం కోసం టీటీడీ అధికారిక సైట్ చూడండి" అని లింకుతో సహా కనబడేలా రాయండి. ఆ ఒక్క వాక్యం చదివి మీ మీద నమ్మకం పెట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

అడ్రస్ బార్‌లో "నాట్ సెక్యూర్" అని వస్తోంది. కస్టమర్లు భయపడుతున్నారు.

మీ సైట్‌కు ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ (సైట్‌కూ కస్టమర్‌కూ మధ్య వెళ్లే వివరాలను ఇతరులు చదవకుండా కాపాడేది) లేదు, లేదా గడువు అయిపోయింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్లు ఉచితంగా ఇస్తారు. చాలా హోస్టింగుల్లో ఒక బటన్ నొక్కితే వచ్చేస్తుంది. మామూలుగా 90 రోజులకు గడువు ముగుస్తుంది కాబట్టి దానంతటదే రెన్యూ అయ్యేలా ఉందో లేదో చూసుకోండి. పెట్టాక పాత లింకు కొట్టినా ఈ రక్షణ ఉన్న హెచ్‌టీటీపీఎస్ లింకుకే వెళ్లాలి.

వర్డ్‌ప్రెస్‌లో అప్‌డేట్ నొక్కాలంటే టెన్షన్. సైట్ పోతే ఎలా?

అప్‌డేట్ చేయకపోతేనే ఎక్కువ ప్రమాదం. చాలాసార్లు పాత ప్లగిన్లలోని లోపాల గుండానే హ్యాకర్లు లోపలికి వస్తారు. నొక్కే ముందు బ్యాకప్ తీసుకోండి, ఫైళ్లు, డేటాబేస్ రెండూ. ఒక కాపీ మీ కంప్యూటర్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఉండాలి. హోస్టింగ్ కంపెనీ దగ్గర ఉన్న బ్యాకప్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, ఖాతా పోతే అదీ పోతుంది. ఆ బ్యాకప్‌తో సైట్ మళ్లీ లేస్తుందో లేదో ఒక్కసారైనా ప్రయత్నించి చూడండి.

డబ్బులిచ్చి కొనాల్సిన థీమ్‌లు ఫ్రీగా దొరుకుతున్నాయని డౌన్‌లోడ్ చేసుకోవద్దు, వాటిలో చాలాసార్లు దొంగ కోడ్ ఉంటుంది. వాడని ప్లగిన్లు తీసేయండి. లాగిన్‌కు రెండంచెల రక్షణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో వచ్చే కోడ్ కూడా అడిగేది) పెట్టండి.

బుకింగ్ ఫారంలో ఆధార్ నంబరు కూడా అడగనా?

అడగొద్దు. పేరు, ఫోన్, తేదీ చాలు. గుర్తింపు కార్డు చెక్ ఇన్ అప్పుడు చూసుకుంటారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది, తీసుకున్న వివరాలను కాపాడే బాధ్యత తీసుకున్నవాళ్లదే.

## తర్వాత నడిపించుకోవడం

సైట్‌ను ఎన్నాళ్లకోసారి మార్చాలి?

తేదీ చూసి కాదు, సీజన్ చూసి మార్చండి. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులకు నెల ముందు రేట్లు, గదుల వివరాలు సరిచూడండి. మామిడి వాళ్లయితే కాయ దిగకముందే ఏ రకం ఎప్పుడు వస్తుందో రాయండి. తోతాపురి అయిపోయాక కూడా "ఆర్డర్లు తీసుకుంటున్నాం" అని ఉంటే ఫోన్ చేసినవాళ్లకు కోపం వస్తుంది. ఏమీ మార్చకుండా తేదీ ఒక్కటే మార్చడం వల్ల లాభం లేదు.

సైట్ వల్ల ఎంతమంది వస్తున్నారో నాకెలా తెలుస్తుంది?

గూగుల్ అనలిటిక్స్ ఉంది, కానీ మొదట్లో ఆ పట్టికలు చూస్తే తల తిరుగుతుంది. సెర్చ్ కన్సోల్‌లో జనం ఏ మాటలు కొట్టి మీ దగ్గరికి వచ్చారో ఉంటుంది, నెలకోసారి అది చూడండి.

దానికంటే తేలికైన పద్ధతి వాట్సాప్ బటన్. దాని లింకులో మీ నంబరును 91తో మొదలుపెట్టాలి, ముందు ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ ఉండకూడదు. అందులోనే ముందుగా రాసిన మెసేజ్ కూడా పెట్టవచ్చు. "మీ వెబ్‌సైట్ చూశాను, గది కావాలి, తేదీ:" అని పెట్టండి. కస్టమర్ తేదీ ఒక్కటి నింపి పంపిస్తారు. నెలాఖరున వాట్సాప్‌లో "వెబ్‌సైట్ చూశాను" అని వెతికితే ఎన్ని వచ్చాయో లెక్క మీ ముందు ఉంటుంది. గదుల పేజీకి ఒక మాట, కారు ప్యాకేజీ పేజీకి ఇంకో మాట పెడితే ఏ పేజీ పనిచేస్తోందో కూడా తెలుస్తుంది.